పురస్కారానికి ఎంపికైన తాళం

ఢిల్లీ, జూన్ 3

గౌరవనీయులైన శ్రీమతి లంకే పెద్దింట్లమ్మ గారికి,

నమస్కారములు. మచిలీపట్నం దగ్గర మీ కొత్తరేవుపాలెం చేపల మార్కెట్లో ఆడవాళ్లకు మరుగుదొడ్లు కావాలని ఆరేళ్లు పోరాడి సాధించినందుకు, మా జాతీయ వనితాశక్తి పురస్కారం తుది పరిశీలనకు మీ పేరు వచ్చింది. మీరు సాధించిన దాని ఫోటో ఒకటి వెంటనే పంపగలరు. ఎంపికైతే ఢిల్లీకి మీతో పాటు ఒక తోడు మనిషిని తెచ్చుకోవచ్చు.

భవదీయుడు,
మధుసూదనరావు, సెక్షన్ ఆఫీసర్

తా.క.: నాది పెదపారుపూడి. మీరు తెలుగులోనే రాయండి. ఇక్కడ తెలుగు ఉత్తరం కళ్లజూసి ఏడాదైంది.

---

కొత్తరేవుపాలెం, జూన్ 12

మధుసూదనరావు బాబు గారికి పెద్దింట్లమ్మ నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలనుంది గానీ, అబద్ధం రాయడం నాకు చేతకాదు. మరుగుదొడ్లు కట్టారు, నిజమే. రెండేళ్ల క్రితం పొద్దున రిబ్బన్ కత్తిరించారు, సాయంత్రం తాళం వేశారు. లోపల మార్కెట్ సంఘం పెద్ద పున్నయ్య బావ వలలు, ఐసు పెట్టెలు కాపురం ఉంటున్నాయి. నలభై మూడు మంది ఆడవాళ్లం తెల్లారకముందే గంపలు దించితే మధ్యాహ్నం రెండింటికి గానీ లేవం. వెళ్లే చోటు లేక గుక్కెడు నీళ్లు కూడా తాగం. మొన్న రాజ్యలక్ష్మి కళ్లు తిరిగి చేపల మీదే పడిపోయింది. నాకు ఒళ్లు మండిపోతోంది బాబూ. నేను సాధించింది ఇంతవరకు తాళమే కాబట్టి, దాని ఫోటోనే పంపుతున్నాను.

ఇట్లు,
పెద్దింట్లమ్మ

తా.క.: ఒక్క తోడంటే ఎలా? మా ఒడ్డున వల లాగితే తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా ఉంటుంది. నలభై మూడు పేర్లూ జతచేశాను. కాలు విరిగి ధర్నాకి రాలేకపోయినా టీ కాచి పంపింది కనుక సాయిదుర్గకి అర వాటా వేసుకోండి.

---

ఢిల్లీ, జూన్ 22

పెద్దింట్లమ్మ గారికి,

ఫోటో అందింది. మీ ఉత్తరం ఇంగ్లీషులోకి మార్చడానికి వేరే సెక్షన్‌కి వెళ్లింది, ఇంకా రాలేదు. ఈలోగా కమిటీ వారు ఫోటో చూశారు. మహిళల భద్రతకు ఇంత పెద్ద తాళం ఏర్పాటు చేయడం దేశానికే ఆదర్శమని మెచ్చుకున్నారు. నేను అడ్డుపడి చెప్పబోతే, నా హోదా వాళ్లు మాట్లాడకూడదన్నారు.

జూలై 9న మా అధికారిణి తనిఖీకి వస్తారు. పురస్కారం ఒక్కరికే ఇస్తాం, వాటాలు కుదరవు.

భవదీయుడు,
మధుసూదనరావు

తా.క. 1: అర మనిషికి రైలు టికెట్ ఇచ్చే నిబంధన వెతికాను. లేదు.

తా.క. 2: మీ పేరు పంపింది పున్నయ్య గారే. తొమ్మిది పేజీలు రాశారు. అందులో ఆరు పేజీలు ఆయన గురించే. తోడు మనిషి గడిలో కూడా ఆయన పేరే ఉంది.

---

కొత్తరేవుపాలెం, జూలై 11

మధుసూదనరావు తమ్ముడికి,

నీ రెండో తా.క. మార్కెట్లో అందరికీ చదివి వినిపించాను. మా బావకి ఢిల్లీ మీద ఇంత మోజుందని మాకెవరికీ తెలియదు!

తనిఖీ అనగానే ఆయన వలలు తీయించి, గోడలకి సున్నం కొట్టించి, గుమ్మానికి అటొకటి ఇటొకటి పూలకుండీలు పెట్టించాడు. అధికారిణి వచ్చింది, చూసింది, బాగుందని రాసుకుని కారెక్కింది. కారు మలుపు తిరగగానే బావ తాళం పట్టుకొచ్చాడు.

“బావా, ఎక్కడికి?” అన్నాను.

“ఆవిడ వెళ్లిపోయింది కదమ్మా, వలలు ఎండలో ఉన్నాయి.”

“మేం రెండేళ్ల నుంచి ఎండలోనే ఉన్నాం. వలలకి అలవాటు చెయ్యి.”

నలభై మూడు గంపలూ గుమ్మం ముందు పెట్టి కూర్చున్నాం. రత్నకుమారి సుత్తి తెచ్చి బయటి గొళ్లెం ఊడబీకింది. ఇప్పుడు ఉన్నది లోపలి గడియ ఒక్కటే. తాళం వేద్దామన్నా వేసే చోటు లేదు.

నీ అక్క,
పెద్దింట్లమ్మ

తా.క.: సుత్తి చప్పుడు విని అధికారిణి కారు వెనక్కి తిప్పించింది. వచ్చి వరసలో నిలబడింది. ఆవిడది పదకొండో వంతు.

---

ఢిల్లీ, జూలై 24

పెద్దింట్లమ్మ అక్కకి,

ఈ ఉత్తరం రాయడానికి సిగ్గుగా ఉంది. అధికారిణి ఉన్నదున్నట్టు రిపోర్టు ఇచ్చారు. దరఖాస్తు గడువు మార్చి 31. తలుపు తెరుచుకున్నది జూలై 9న. గడువులోగా మీరు సాధించలేదు, సాధించేసరికి గడువు లేదు. అందుచేత మీ పేరు తిరస్కరించారు. నేను రెండు రోజులు వాదించాను. వచ్చే ఏటికి మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.

నీ తమ్ముడు,
మధుసూదనరావు

తా.క.: తాళం ఫోటో మాత్రం ఇప్పటికీ మా ఆఫీసు గోడ మీదే ఉంది. తీయడానికి అనుమతి రావాలట.

---

కొత్తరేవుపాలెం, ఆగస్టు 2

తమ్ముడికి,

నువ్వు సిగ్గుపడకు, నాకేం బాధ లేదు. పున్నయ్య బావే రెండు రోజులు అన్నం మానేశాడు.

అసలు సంగతి విను. మా కబురు తెలిసి పెడన నుంచి నాగజ్యోతి వచ్చింది. వాళ్ల అద్దకం షెడ్డులోనూ తాళమేనట, లోపల రంగు డబ్బాలట. బంటుమిల్లి వైపు రొయ్యల షెడ్డులో దివ్యశ్రీ వాళ్లదీ ఇదే గోడు. దివిసీమ దాకా ఆరా తీశాం. మొత్తం పదకొండు తాళాలు తేలాయి.

పదకొండు దరఖాస్తులు జతచేశాను. గడువుకి చాలా ముందే పంపుతున్నాం కాబట్టి పేచీ ఉండదు. మాకు పురస్కారాలు వద్దు తమ్ముడూ. ఒక్కొక్కరికీ ఉత్తరం రాయండి, ఫోటో అడగండి, తనిఖీకి ఫలానా రోజు వస్తున్నామని చెప్పండి, తప్పకుండా రండి. ఆ తర్వాత అందరినీ నిక్షేపంగా తిరస్కరించండి.

నీ అక్క,
పెద్దింట్లమ్మ

తా.క.: తోడు మనిషి గడి ఖాళీగా వదల్లేదు. తాళంచెవి ఎవరి జేబులో ఉందో కనుక్కుని, ప్రతి దరఖాస్తులోనూ వాళ్ల పేరే రాశాం.