అక్క పెంచిన నీడ

మరియక్కా,

నువ్వు పోయి ఏడాది నిండిన రోజే, మన కొండమీద అడవి పెంచడానికి డబ్బిచ్చినవాళ్లు పని ఎంతదాకా వచ్చిందో చూడమని ఒక మేడమ్‌ను పంపారు. ఆవిడకు నచ్చకపోతే సగంలోనే ఆపేస్తారట.

నువ్వు నాటిన మొక్కల్లో చాలా ఎండిపోయాయని దాచకుండా చెప్పాను. బతికిన వేపల కింద కూర్చుని రాసుకుంటూనే ఆవిడ నిద్రలోకి జారిపోయింది. కింద కల్లాల్లోని మిరప ఘాటు అక్కడిదాకా రాలేదు. ఆవిడ నిద్ర చెడకుండా, పనికొచ్చిన ఆడవాళ్లమందరం మాటలు మానేసి ఆకుల చప్పుడు వింటూ కూర్చున్నాం.

మెలకువ వచ్చాక, "లేపలేదేమండీ?" అంది సిగ్గుపడుతూ.

"మా అక్క ఉంటే లేపనిచ్చేది కాదమ్మా" అన్నాను.

"ఎండిపోయినవీ రాస్తాను, పని ఆపొద్దనీ రాస్తాను" అంది.

కారు వెళ్లాక నేనూ అక్కడే నడుం వాల్చాను, పక్కన నీకు చోటు వదిలి.

నీ సలోమి