లోపలి వైపు రంగు

మచిలీపట్నం,
21 నవంబరు 2024, గురువారం.

నిస్సీ వదినకి,

నీ ఆడపడుచు సుప్రియ వందనాలు. దేవుని దయ వల్ల ఇక్కడ నాన్నా నేనూ బాగున్నాం. నాన్నకి దగ్గు తగ్గింది. గుడివాడలో నువ్వూ అన్నయ్యా క్షేమమని తలుస్తాను. మూడు రోజులుగా ఫోన్ చేస్తుంటే నువ్వు ఎత్తడం లేదు. ఎత్తినా ఈ సంగతి నేను నోటితో చెప్పలేను, ఏదో ఒకటి చెప్పి దాటేస్తాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నువ్వు గిటార్ ఎవరికైనా ఇచ్చేస్తానంటున్నావని ఫిలిప్ అన్నయ్య చెప్పాడు. మొన్న ఆదివారం మన చర్చి వార్షికోత్సవంలో నువ్వు పాట ఎత్తుకోగానే స్పీకర్లు గుయ్యిమన్నాయి. పాపం, తీగలు సవరించుకున్నావు, వైరు మార్చి చూశావు. గిటార్ మీద ఆ నల్ల మూతలకి నీ వేలు తగిలినప్పుడల్లా మోత ఇంకా పెరిగింది. చివరికి సగం పాటలో దిగిపోయావు. నీ చేతిలోనే ఏదో లోపం ఉందనుకుంటున్నావట, ఇక జన్మలో ముట్టుకోనన్నావట. ఆ లోపం నా చేతిది వదినా.

తీగల కింద ఉండే ఆ రెండు లోహపు మూతలు, నువ్వు పికప్ కవర్లంటావే, చెమటకి మచ్చలు పడ్డాయని, నల్ల రంగు వెయ్యమని నువ్వే తెచ్చి ఇచ్చావు. రోల్డ్ గోల్డ్ గాజులకి ఇంట్లోనే రంగులు వేసేదాన్ని, ఇదెంత పని అనుకున్నాను. తీగలు వదులు చేసి, టంకం కరిగించి మూతలు ఊడదీశాను. ఎమరీ కాగితంతో రుద్ది, థిన్నర్‌తో తుడిచాను. రంగు చిల్లుల్లోకి దిగకుండా ఒక్కో మూతకున్న ఆరింటిలోనూ చీపురుపుల్లలు గుచ్చాను. ముందు ప్రైమరు, అది ఆరాక పల్చగా మూడు సార్లు స్ప్రే కొట్టాను. పైకి ఎంత బాగా వచ్చాయో నువ్వే మెచ్చుకున్నావు.

మేం ఏ గాజుకైనా లోపలి వైపు కూడా పూత వేస్తాం. వెయ్యకపోతే చెమటకి చిలుము పట్టి, వేసుకున్నవాళ్ళ చెయ్యి నల్లబడుతుంది. ఆ అలవాటులో వీటికీ లోపల వేసేశాను. కానీ వీటికి లోపల ఉత్త లోహమే ఉండాలట. ఎర్త్ కోసం టంకం అక్కడే పట్టాలట. రంగు మీద టంకం నిలవలేదు. గమ్ముతో అంటించి బిగించేశాను. ఎర్త్ అందక అలా మోత మోగింది. ఇదీ జరిగిన పొరపాటు.

ఇంకో మాట కూడా రాయాలి, లేకపోతే నాకు అన్నం సయించదు. నాకు నువ్వంటే కుళ్ళు. పదో తరగతిలో ఉండగా గిటార్ నేర్పమని నాన్నని ఎంత బతిమాలానో నీకు తెలీదు. ఆడపిల్లకి అదెందుకని నా చేతిలో కంచు తాళాలు పెట్టారు. పద్దెనిమిదేళ్ళుగా కొయిర్‌లో చివరి వరసలో నిలబడి అవే కొడుతున్నాను. అదే నాన్న, నువ్వు కోడలిగా వచ్చిన ఏడాదికే గిటార్ కొనిచ్చారు. నేను ఆ మూతకి రంగు కొడుతుంటే ఎదురుగా కుర్చీలో కూర్చుని, "మా కోడలివి దేవుడిచ్చిన వేళ్ళమ్మా," అన్నారు. ఎవరితోనో కాదు, నాతోనే. నా వేళ్ళకి గోళ్ళ దాకా నల్ల రంగు.

ఇందులో నీ తప్పు ఆవగింజంత కూడా లేదు. నేర్పిస్తాను రా సుప్రియా అని నువ్వు రెండుసార్లు పిలిచావు కూడా. తీరిక లేదన్నాను. నాన్న ఇవ్వనిది నువ్వు జాలిపడి ఇస్తే పుచ్చుకోవడమేమిటని రోషం. నువ్వు మంచిదానివి కావడం కూడా నాకు కిట్టలేదు.

గిటార్ ఎవరికీ ఇవ్వకు. శనివారం పొద్దున బస్సుకి టంకం సామాను పట్టుకుని నేనే వస్తాను. లోపల గీకేసి, ఎర్త్ తీగ అతికించి, నీ ఎదురుగానే మోగించి చూపిస్తాను. గంట పని. ఆ తర్వాత తిడతావో, అన్నం పెడతావో నీ ఇష్టం.

ఇట్లు,
నీ ఆడపడుచు
సుప్రియ

తా.క.: పైన పొరపాటు అని రాశాను. మొదటి మూత వరకూ అది నిజమే. దానికి టంకం నిలవకపోతే, ఆంప్లిఫయర్లు బాగుచేసే వెంకటాద్రి గారి దగ్గరికి పట్టుకెళ్ళాను. లోపల రంగు ఉండకూడదమ్మా, ఉంటే నలుగురిలో గుయ్యిమని పరువు తీస్తుంది అని ఆయన విడమరిచి చెప్పారు. అప్పటికి రెండో మూతకి ఇంకా రంగే వెయ్యలేదు. ఇంటికొచ్చి దానికి లోపల రెండు పూతలు వేశాను.