నాకు గుర్తులేని రాజీ

ఇంగ్లండులోని న్యూ ఫారెస్ట్ అనే అడవి అంచున, బ్రాంబుల్ ఎండ్ అనే అయిదారిళ్ల పల్లెలో కాపురముంటున్న ఆంబ్రోస్ విచర్ అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించిన ఆఖరి వీలునామా ఇది. ఇదివరకటిది దీనితో రద్దు. నాకు మతి స్థిమితంగా ఉందని డాక్టర్ క్రో ఈ ఉదయం పరీక్షించి సంతకం పెట్టారు. ఆయన అడిగినవన్నీ చెప్పాను. నాకు తెలియనిది ఆయన అడగలేదు.

1. పక్కింటి హెస్టర్ బ్రూమ్‌కు జామ్ వండే నా రాగి గిన్నె. అది ఎప్పటినుంచో ఆవిడ వంటింట్లోనే ఉంది. రేపు తెచ్చిస్తానని చెప్పే శ్రమ ఇక ఆవిడకు తప్పుతుంది. నా కోళ్లు కూడా ఆవిడవే. తెల్లదానికి చలి పడదు, పొయ్యి దగ్గర పడుకోనివ్వాలి.

2. నా ఇల్లు, పెరడు, ఆ ఇంటితో పాటు సంక్రమించే హక్కులు, అంటే అడవిలో గుర్రాలను మేపుకోవడం, ఆకురాలు కాలంలో రాలిన ఓక్ చెట్ల కాయలు తినడానికి పందులను తోలుకోవడం. చిక్కంతా వీటి దగ్గరే. పాత వీలునామాలో వీటిని చర్చికి రాశాను, నా తమ్ముడు గిల్బర్ట్‌కు దక్కకూడదని. నాన్న సమాధి మీద మట్టి ఆరకముందే, ఆయన నాకిస్తానన్న బూడిదరంగు ఆడగుర్రానికి వాడు తనదేనని తన ముద్ర కాల్చి అడవిలోకి మేతకు వదిలాడు. అది నిన్న జరిగినట్టు గుర్తుంది. పచ్చిక దాటితే వాడిల్లు. అయినా యుద్ధానికి ముందునుంచీ మాకు మాటల్లేవు.

అలాంటిది, ఇప్పుడు వాడు రోజూ సాయంత్రం బఠాణీ సూప్ పట్టుకొచ్చి నా కుర్చీలో కూర్చుంటున్నాడు.

"నిన్నెవడు రమ్మన్నాడ్రా?" అని అడిగాను.

"నువ్వే కదన్నయ్యా! ఆ మంచు పడ్డ సాయంత్రం మా తలుపు కొట్టి ఆకలేస్తోందన్నావు. మర్చిపోయావా?" అన్నాడు.

హెస్టర్‌ను అడిగాను.

"నా కళ్లతో చూశాను. బూట్లు కూడా లేకుండా ఉత్త మేజోళ్లతో పోతున్నావు. ఎక్కడికయ్యా అంటే, అమ్మ భోజనానికి పిలుస్తోందన్నావు."

"ఆ ముక్క వాడితో అన్నావా?"

"ఎలా అంటాను? నీ వెనకే వచ్చాను కదా, అతను అన్నయ్యొచ్చాడు, అన్నయ్యొచ్చాడు అని ఏడుస్తూ నీకు వడ్డిస్తుంటేనూ!"

అమ్మ పోయి ఎన్నో ఏళ్లయింది. గిల్బర్ట్ ఉంటున్నది మేమిద్దరం పుట్టిన ఇల్లు. అంటే నేను రాజీకి వెళ్లలేదు, మతి తప్పి వెళ్లాను. నేను క్షమించానని వాడి నమ్మకం. క్షమించానో లేదో నాకే అంతుపట్టడం లేదు. పొద్దున లేస్తే కోపం ఉంటుంది. సూప్ వచ్చే వేళకు వెతికినా దొరకదు. ఇందులో ఏది నా అసలు మనసో లాయరు మెరిట్ గారిని అడిగితే, అది తన పని కాదన్నారు.

వాడి తలుపు కొట్టిన చెయ్యి మాత్రం నాదే. కనుక పై ఆస్తీ హక్కులూ సమస్తం గిల్బర్ట్‌కే చెందాలి. వాడి కళ్లకు అక్షరాలు ఆనవు. ఈ వీలునామాను అమలు జరపవలసిన మెరిట్ గారు వాడికి చదివి వినిపించేటప్పుడు, హెస్టర్ మాటలనూ, వాటి కింది పేరానూ, ఈ వాక్యాన్నీ వదిలేయాలి.

3. నేను బతికుండగా ఇకపై ఏ పొద్దునైనా గిల్బర్ట్‌ను గుమ్మం తొక్కనివ్వొద్దని కేకలేస్తే, ఆ మాట చెల్లదు. వాణ్ణి లోపలికి రానివ్వాలి.

1958 నవంబరు 11, బ్రాంబుల్ ఎండ్.

(సంతకం) ఆంబ్రోస్ విచర్

సాక్షులు:
ఎడ్విన్ క్రో, వైద్యుడు
సైలస్ టర్వీ, చర్చి గంట కొట్టే అతను