రెండో వరుసలో నీ పేరు

జహీరాబాద్,
శుక్రవారం.

మహాదేవక్కకు చెల్లెలు భాగీరథి నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమం అడగడానికి మాత్రం ఈసారి కలం కదలడం లేదు.

నీ ఉత్తరం అందింది. న్యాల్‌కల్‌లో మీ కందిచేను బాగా ఎదిగిందని చదివి సంతోషించాను. మా చిన్నదాని సంగతి అడిగావు. జ్వరం తగ్గింది, బడికి పోతోంది.

ఇక నువ్వు చివర్లో అడిగిన మాట. "శిబిరంల పరీక్ష చేసి నాలుగు నెలలకు పిలిచిన్రు. ముందుగాల వస్తే రొమ్ము తీసుడు తప్పుతుండె అని డాక్టరమ్మ అన్నది. నా పేరు ఎవరు మరిచిన్రో జర కనుక్కో, నువ్వు ఆ దవాఖానల కంప్యూటర్ పనే చేస్తవ్ గదా" అని రాయించావు.

కనుక్కునే పని లేదక్కా. ఫోన్‌లో నీ గొంతు వింటూ చెప్పలేకనే రాస్తున్నాను.

శిబిరంలో క్యాన్సర్ అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు డేటాబేస్‌లో ఉంటాయి. ఊరి పేరు ఇస్తే అక్కడి ఫంక్షన్ అనే చిన్న ప్రోగ్రామ్ వాటిని కర్సర్‌గా తిరిగి ఇస్తుంది. కర్సర్ అంటే పేర్ల వరుస మీద ఆనించిన వేలు అనుకో. "తర్వాతది" అని అడిగినప్పుడల్లా ఒక పేరు కిందికి దిగుతుంది. పేర్లు అయిపోయేదాకా అడుగుతూనే ఉండాలి. దాన్ని అందుకునే జావా ప్రోగ్రామ్ రాసింది నేను. ఒక్కసారే అడిగాను. ఊరికి ఒక్క పేరే పెట్టి పరీక్షించాను, సరిగ్గానే వచ్చింది. ఆ తర్వాత నర్సులకు ప్రతి ఊళ్ళోనూ మొదటి పేరే కనిపించింది. ఆ ఒక్కరినే పిలిచారు.

కొత్తగా చేరిన వీరేశ్ ఒకరోజు మీ ఊరి జాబితాను డేటాబేస్ నుంచి నేరుగా తీశాడు. "మేడమ్, ఇందుల నలుగురున్నరు. మన స్క్రీన్ మీద ఒక్కరే వస్తున్నరు, ఎట్ల?" అన్నాడు. రెండో వరుసలో నీ పేరు. అతను ఇంకేదో అంటున్నాడు, నాకు వినపడలేదు.

సరిదిద్దడానికి ఒక్క పదం మారిస్తే సరిపోయింది.

అన్ని ఊళ్ళూ కలిపి అలా పిలుపు అందనివాళ్ళు మొత్తం పదిహేడు మంది. పదహారు మందికి నేనే ఫోన్ చేసి, తప్పు నాదని చెప్పి పిలిపించాను. నీకు మాత్రం నర్సుతో చేయించాను. ఆపరేషన్ నాడు నీ మంచం పక్కనే కూర్చున్నా నోరు విప్పలేదు. నువ్వే నా చెయ్యి పట్టుకుని "ఫికర్ చెయ్యకు" అన్నావు.

కట్టు మార్చాలంటే నీ కూతురు పూజిత భయపడుతోందట. ఆదివారం నేను వచ్చి మారుస్తాను. నా చెయ్యి పడనిస్తావో లేదో పూజితతో ఒక్క మాట చెప్పించు.

ఇట్లు,
నీ తోడబుట్టిన
భాగీరథి