వెంకటదుర్గ జర్మన్ పాఠాలు

నర్సీపట్నం

ఈశ్వరి మేడమ్ గారికి నమస్కారాలు.

మీరు విశాఖపట్నంలో జర్మన్ చెబుతారని మా ఆడపడుచు చెప్పింది. మా అమ్మాయి వెంకటదుర్గ నర్సు. జర్మనీలో ఉద్యోగం ఇప్పిస్తామన్న ఏజెన్సీవాళ్లు పాస్‌పోర్టు తీసుకుని, ఫోన్లో పాఠాలు పంపుతున్నారు. అర్థం తెలియకుండా ఏదీ చదవకూడదని మా ఇంటి పద్ధతి. అందుకే సాయంత్రం దీపం పెట్టాక, పారాయణలాగే ఆ పాఠం కూడా అర్థంతో చదివించుకుంటాను.

వేరేచోట జర్మన్ నేర్చుకుంటున్న అమ్మాయి స్నేహితురాలి పాఠాల్లో "నొప్పి ఎక్కడ? మాత్ర వేసుకున్నారా?" అని ఉంటాయట. వీళ్లవి వేరు. "నా ఇష్టంతోనే వచ్చాను. నన్నెవరూ కొట్టలేదు. మా ఇంటికి ఫోన్ చేయక్కర్లేదు." ఫోన్ చేసి వీటినే మార్చి మార్చి చెప్పించుకుంటారు. తడబడితే మళ్లీ మొదటినుంచి చెప్పాలి.

"నర్సుకి ఇయ్యెందుకే?" అంటే, "నీకన్నీ అనుమానాలేనమ్మా! బేగి నేర్సుకుంటే బేగి ఎల్తాను" అని నవ్వుతుంది. ఏజెన్సీ అతనికి ఫోన్ చేశాను. "తప్పుల్లేకుండా సెప్తందా అండీ? మాకదే కావాలి" అని మర్యాదగా పెట్టేశాడు.

వచ్చే శుక్రవారం ప్రయాణం. పాఠాలు ప్రింటు తీయించి, ఈ ఉత్తరంతో ఆడపడుచు చేతికిచ్చి పంపుతున్నాను. ఇవి నర్సులకు చెప్పేవేనా, కాదా, చూసి రాయండి. మీ మాటైతే అమ్మాయి వింటుంది.

నిన్నటి పాఠం చివర "నాకు అమ్మ లేదు" అని ఉంది. అది మాత్రం ఒక్క తప్పూ లేకుండా చెప్పింది.

ఇట్లు,
వెంకటదుర్గ అమ్మ