చేపల్ని తీసేసిన తొట్టి

జెనివాల్‌కి,

నీ లిందాల్వా ముద్దులతో రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం అని ముందు రాయాలి కాబట్టి రాశాను. అత్తమ్మ బాగుంది, కోళ్ళు బాగున్నాయి. చెరుకు కొడుతూ కోసుకున్న నీ చెయ్యి మానిందా? గుడ్డయినా కట్టుకోకుండా తిరుగుతున్నావట. సావో పాలో వెళ్ళినా మొండితనం మాత్రం తగ్గలేదన్నమాట.

నువ్వు అడిగినవన్నీ చెబుతాను. వాన పడలేదు. నీళ్ళ బండి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, వచ్చినప్పుడు తొట్టి నింపుకోవడమే. తెప్పకి నీ తమ్ముడు కొత్త తెరచాప కట్టాడు. బిడ్డ కదులుతోంది, బాగానే తంతోంది.

నాచు రసం పనిచేసిందా అని అడిగావు. ఆ సంగతి కొంచెం ఎక్కువ రాయాలి.

నువ్వు వెళ్ళిన కొత్తలోనే జ్వరాలు మొదలయ్యాయి. దోమ కుడితే ఒళ్ళంతా ఎర్రగా పేలి, నాలుగు రోజుల్లో పోయే జ్వరమే. కడుపుతో ఉన్నవాళ్ళకి వస్తే మాత్రం బిడ్డ తలకి ముప్పని రేడియోలో చెప్పారు. యూనివర్సిటీ నుంచి వచ్చే ఆ పిల్ల మారిలేట్, సముద్రంలో మనం ఏరే ఎర్రనాచునే ఎండబెట్టి, నూరి, సారాలో నానబెట్టి రసం తీసింది. గిన్నెలో నాలుగు చుక్కలు వేస్తే దోమపిల్లలు మెలికలు తిరిగి అడుక్కి పడిపోయాయి. నాచు ఏరే ఆడవాళ్ళమంతా చప్పట్లు కొట్టాం. "గిన్నెలో పనిచేసింది. తొట్టిలో చేస్తుందో లేదో ఇంకా తెలీదు, ఆగండి" అంది ఆ అమ్మాయి.

ఆగే ఓపిక ఎవరికుంది? "ఈ నాచు ఉడకబెట్టి పాయసం చేసే కదే మిమ్మల్నందర్నీ పెంచింది! మన నాచు మనకి చేటు చేస్తదా?" అంది జుదీచి పెద్దమ్మ. ఆవిడ మాటంటే మా గుంపులో వేదం. పెద్ద కాగుల్లో రసం తీసి ఊళ్ళో ప్రతి తొట్టిలోనూ పోశాం. పోసేముందు, దోమపిల్లల్ని తినడానికి మీ నాన్న కాలం నుంచీ తొట్లలో పెంచుతున్న చిట్టి చేపలన్నిటినీ జల్లెడతో పట్టి, సారా ఘాటుకి చస్తాయేమోనని పాయలో వదిలాం. పాపం, వాటి మీద జాలిపడ్డాం.

కొన్నాళ్ళు దోమ లేదు. ఊరంతా పండగే. ఆ తర్వాత రసం బలం తగ్గింది. మళ్ళీ తీద్దామంటే గాలుల కాలం వచ్చి సముద్రం నాచు ఇవ్వలేదు. రసం పోశాక నీళ్ళు కాఫీ రంగుకి తిరిగాయి కదా, లోపల ఏం పెరుగుతోందో కనబడలేదు. చేపలుంటే తినేసేవి. ఒకనాడు మూత తీస్తే మొహం మీదకి దోమలు ముసిరాయి.

మారిలేట్ వచ్చి నెత్తి కొట్టుకుంది. "చేపల్ని తియ్యమని ఎవరు చెప్పారు పెద్దమ్మా?"

"సారా తాగి చస్తాయని తీశామమ్మా. మా మగాళ్ళయితే అందులోనే వదిలేసేవాళ్ళం" అంది జుదీచి పెద్దమ్మ.

అంత బాధలోనూ అందరం పగలబడి నవ్వాం. నేనూ నవ్వాను. ఆ వారంలోనే నాకు ఒళ్ళంతా పేలింది.

అప్పటికి నాకు పొట్ట కూడా కనబడటం లేదు. జ్వరం వచ్చిందని నీకు చెప్పలేదు. ఫోనులో నీ గొంతు వింటే నోరు పెగిలేది కాదు, అందుకే ఈ ఉత్తరం. పోయిన నెల పెద్దాసుపత్రిలో స్కాన్ తీశారు. బిడ్డ తల పెరగాల్సినంత పెరగలేదన్నాడు డాక్టరు. "ఇంకో స్కాన్‌లో మారుతుందా?" అని అడిగాను. "మారదమ్మా" అన్నాడు. మందేమైనా ఉందా అంటే తల అడ్డంగా ఊపాడు. మంచివాడే, బస్సు దాకా వచ్చి ఎక్కించాడు.

ఆశ ఉందని నీకు రాయాలని కూర్చున్నాను జెనివాల్. లేదు. ఎవర్ని తిట్టుకోనూ? జుదీచి పెద్దమ్మ రోజూ చేపల పులుసు తెచ్చి గుమ్మంలో పెట్టి, నా మొహం చూడకుండా వెళ్ళిపోతుంది. ఇప్పుడు అన్ని తొట్లలోకీ చేపలు తిరిగొచ్చాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం.

అత్తమ్మకి ఈ సంగతి చెప్పలేదు. నిన్న మధ్యాహ్నం ఆవిడ దారంతో అల్లిన టోపీ ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నా గుప్పిట్లో ఇమిడిపోయింది.

"ఇంత చిన్నదేంటి అత్తమ్మా?" అన్నాను.

"తలకి సరిపోవాలి కదే" అంది, మిగిలిన దారం ఉండ చుట్టుకుంటూ.

ఆవిడకి ఎలా తెలిసిందో నేను అడగలేదు. ఆవిడా ఏడవలేదు, నేనూ ఏడవలేదు. ఇద్దరం కాఫీ తాగాం.

నిన్ను రమ్మని అడగను. కోత మధ్యలో వదిలిరావడం కుదరదని తెలుసు. ఎప్పుడొచ్చినా ఒక్క మాట గుర్తుపెట్టుకో. అందరూ వచ్చి ముందు తలే చూస్తారు. నువ్వు మాత్రం ముందు చెయ్యి చూడు. వేలు అందించు, పట్టుకుంటుందేమో.

ఇట్లు,
నువ్వు రాకముందే తల్లి కాబోతున్న
నీ భార్య లిందాల్వా