గాజు పూసలు, ఎర్ర టోపీలు

అక్టోబర్ 11, శుక్రవారం

మా బాబా, అంటే ఇంటి ముసలాయన, పోయి నలభై రోజులు కాలేదు, ఇల్లు అప్పుడే రెండయింది. పెద్ద కొడుకు ఈ సబా అల్ సలేం ఇంట్లోనే ఉంటాడట. చిన్న కొడుకు జహ్రాలో కొత్తిల్లు కట్టాడు. నాతోపాటే ఈ ఇంట్లో పనిచేసే మా చిన్నమ్మ మద్దమ్మకూ నాకూ కఫీల్, అంటే వీసాకు పూచీదారు, ఆ ముసలాయనే. ఇక మా ఇఖామాలు, ఇక్కడ ఉండే పర్మిట్లు, ఎవరి పేరుకు మారతాయో.

చిన్నమ్మకు అదేం పట్టలేదు. రోజూలాగే పొద్దున్నే చెయ్యి చాపింది. ఇన్సులిన్ నేనే లాగి వెయ్యాలి. ఆమెకు కళ్ళు మసకలు, సిరంజి మీది గీతలు కనపడవు.

అక్టోబర్ 13

బాత్రూములు కడిగి, ప్రైవేటుగా కడుతున్న ఇంటర్ హిస్టరీ రెండు పేజీలు చదివా, ఫోన్లోనే. కొలంబస్ దీవిలో దిగగానే అక్కడివాళ్ళకు ఎర్ర టోపీలు, గాజు పూసలు ఇచ్చాడట. వాళ్ళు తెగ సంబరపడ్డారట. ఎంత అమాయకులో అని నవ్వుకున్నా.

సాయంత్రం పెద్ద కోడలు, పెద్ద మామా (ఇక్కడ యజమానురాలిని మామా అనే అంటాం), పిలిచి సగం ఖాళీ అయిన సెంటు సీసా ఇచ్చింది. చిన్న మామా పూసల గొలుసు ఇచ్చింది, వంట నాలా ఎవరూ చెయ్యలేరంది. నేనూ సంబరపడ్డా, అబద్ధమెందుకు.

అక్టోబర్ 17

ఇద్దరికీ నేనే కావాలి. చిన్నమ్మ ఎవరికీ అక్కర్లేదు. విడిగా అయితే రానని ఇద్దరికీ చెప్పేశా.

ఈ రోజు చాప్టర్: అమెరికాలో ఫ్రెంచ్ వాళ్ళూ ఇంగ్లీష్ వాళ్ళూ కొట్టుకుంటుంటే అక్కడి తెగలు కొన్ని ఇటు, కొన్ని అటు చేరాయట. తెలివైనవాళ్ళే! నేనూ చిన్న మామా చెవిలో ఊదా, పెద్దామె మమ్మల్నిద్దర్నీ ఉంచుకుంటానందని. ఆమె అలా అనలేదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. ఆ పిల్లిని నేనే.

చిన్నమ్మ తిట్టింది. ఆబోతులు కుమ్ముకుంటాంటే దూడల కాళ్ళు ఇరుగుతాయి, నడుమ దూరొద్దు రమాదేవీ అంది.

అక్టోబర్ 22

తోడికోడళ్ళు వంటింట్లో అరుచుకున్నారు. మధ్యమధ్య నా పేరు. పెద్ద మామా సెంటు సీసా వెనక్కి తీసేసుకుంది.

అక్టోబర్ 25, శుక్రవారం

అన్నదమ్ములు దివానియాలో, మగవాళ్ళ హాల్లో, కూర్చున్నారు. టీ నేనే పట్టుకెళ్ళా. ఆడవాళ్ళ గొడవ పడలేం, మనిషికొకరు, ఖలాస్ అన్నాడు పెద్దాయన. నేను ఆయనకు, చిన్నమ్మ ఆయన తమ్ముడికి. టీ చల్లారలేదు ఇంకా.

ఇన్సులిన్ సంగతి నా వచ్చీరాని అరబ్బీలో చెప్పబోయా. యల్లా, కప్పులు తియ్ అన్నాడు.

స్పెయిన్, పోర్చుగల్ కూడా సముద్రం మీద గీత గీసుకుని అటు నీకు, ఇటు నాకు అనుకున్నాయట. ఇక చదవబుద్ధి కాలేదు.

అక్టోబర్ 30

చిన్నమ్మను కారెక్కించారు. ఉన్న సిరంజిలకు ఎక్కడిదాకా లాగాలో ఎర్ర నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టి ఇచ్చా. అయిపోతే అక్కడ ఎవరినైనా అడగమన్నా. ఆడ నాకెవురుండారు మేయ్ అంది. కారు పోయేదాకా ఏడుస్తూ నిలబడ్డా.

నవంబర్ 4

చిన్నమ్మ ఫోన్. ఎర్ర గుర్తువి అయిపోయాయట. కొత్తవాటితో ఉజ్జాయింపుగా ఏసుకుంటాండా అంది. వద్దని అరిచా.

జహ్రా తీసుకెళ్ళమని పెద్ద మామా కాళ్ళు పట్టుకున్నా. లేని మాటలు అంటగట్టింది నువ్వే కదా, ఆ గడప తొక్కనంది.

నవంబర్ 6, ఉదయం

చిన్న మామా ఫోన్ చేసింది. మద్దమ్మ ఎంత లేపినా లేవడం లేదట.

ఎప్పుడూ ఇంత బద్ధకమేనా అని అడిగింది.